పచ్చళ్ళ గది గోడ

ఉదయం ఆరూ ఇరవైకి పచ్చళ్ళ గదిలో గోడ నుంచి ఒక పెచ్చు ఊడి పడింది. పాలు పొయ్యి మీద పెట్టి గడియారం వైపు చూస్తున్నప్పుడే చప్పుడు వినిపించింది కాబట్టి వేళ గుర్తుంది. పెద్ద చప్పుడేమీ కాదు. పాలు పొంగేదాకా ఆగి, పొయ్యి ఆపి, వెళ్ళి చూశాను.

వంటింటి వెనక సన్నగా పొడుగ్గా ఉండే గది అది. మా అక్కయ్య పచ్చళ్ళు పట్టిన గది. ఆమె మాఘమాసంలో పోయింది. ఇది చైత్రం చివర. ఈ మధ్యలో ఆ తలుపు నేను నాలుగైదుసార్ల కంటే ఎక్కువ తియ్యలేదు.

నా నడుం ఎత్తున సిమెంటు పూత ఒకటే ముక్కగా ఊడి బోర్లా పడి ఉంది. వెనకున్న ఇటుకలు ఎర్రగా లేవు. వాటి మీద తెల్లటి నూగు ఉంది. వేలు పెట్టి చూస్తే మొదటి కణుపు దాకా లోపలికి దిగింది. ఇటుక అనుకున్నది పిండిలా కిందికి రాలింది. చెయ్యి వెనక్కి తీసుకుని, పైకి చూశాను. సరిగ్గా ఆ చోటికి పైన దూలం గోడ మీద ఆని ఉంది. ఆ దూలం మీదే వంటింటి మిద్దె కూడా సగం నిలబడింది.

ఈ ఇల్లు మా నాన్నగారు కొన్నప్పటికే పాతది. రెండు ఇటుకల మందం గోడలు, సున్నంతో కట్టినవి, టేకు దూలాలు. నాన్నగారి తర్వాత నేనూ అక్కయ్యా ఉన్నాం. ఆమె నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. భర్త పోయాక ఇక్కడికి వచ్చేసింది. నేను పెళ్ళి చేసుకోలేదు. బజారు చివర ఉన్న గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు ఆమె చూసింది. నేను పుస్తకాలు చదివాను. ముప్ఫయ్యేళ్ళు అట్లా గడిచాయి.

అక్కయ్య ఏడాదంతా పచ్చళ్ళు పట్టేది. పండుమిరపకాయలు కోతకొచ్చినప్పుడు మొదలుపెట్టి, చింతకాయ, ఉసిరికాయ, ఎండల్లో ఆవకాయ, మాగాయ. బంధువుల ఇళ్ళు ఆరింటికి ఇక్కడినుంచే జాడీలు వెళ్ళేవి. చీరాల అవతల ఉప్పు కొటార్ల నుంచి ఒకతను మోపెడ్ మీద కల్లుప్పు బస్తా తెచ్చి ఇచ్చేవాడు. ప్యాకెట్ ఉప్పు ఆమె కూరల్లోకే తప్ప పచ్చడికి వాడలేదు. "ఆ పొడుప్పుతో పడితే నీరు కారిపోతుందే," అనేది. బస్తా ఆ గోడకే ఆనించి ఉండేది, ఏడాది పొడుగునా, నేల మీదే. వానాకాలంలో బస్తా చెమ్మగిల్లి అడుగున నీళ్ళు ఊరేవి. ఆ మూలలోనే ఆమె ఉప్పు దంచేది, రోలు కడిగేది. ఆ నీళ్ళు గోడకి చిందేవి.

అందుకే ఆ గోడ రాలేది. ఇప్పుడు అందుకే అని రాస్తున్నాను, అప్పుడు నాకు తెలియదు. పాత గోడ కాబట్టి రాలుతుంది అనుకున్నాను. రోజూ పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసి వచ్చాక అక్కయ్య అరిగిపోయిన పొట్టి చీపురుతో ఆ గోడ మొదలు ఊడ్చేది. తెల్లటి పొడి, అందులో కొంచెం ఎరుపు. చేటలో ఎత్తి పెరటి గోడ బయట పారబోసేది. ఏడాదికోసారి ఆ గోడకి సున్నం వేయించేది. ఆ సున్నం కూడా రాలేది.

నాకది చిరాగ్గా ఉండేది. ఎవరైనా వస్తే ఆ తలుపు మూసేదాన్ని. ఒకసారి లైబ్రరీ నుంచి ఇళ్ళ మరమ్మతుల పుస్తకం ఒకటి తెచ్చాను. అందులో రాలే గోడలకి సిమెంటు పూత వేయించమని ఉంది. ఆమెకి చదివి వినిపించాను.

"ఆ పుస్తకం రాసినాయన మనింటికి ఎప్పుడొచ్చాడే?" అంది.

"రావక్కర్లేదక్కయ్యా. గోడలన్నీ ఒకటే."

"నీకు పుస్తకాలన్నీ ఒకటి కావుగా," అని చేట తీసుకుని వెళ్ళిపోయింది.

మూడేళ్ళ కిందట ఆమె మా పిన్ని కూతురి ఇంటికి చీరాల వెళ్ళి పది రోజులుంది. ఆ పది రోజుల్లో నేను గోడకి రొమ్ము ఎత్తు దాకా సిమెంటు పూత వేయించాను. నున్నగా, బూడిదరంగులో, పలకలా వచ్చింది. తిరిగొచ్చాక ఆమె చూసి, వేలి కణుపులతో తట్టి, "బాగుంది. ఊడ్చే పని తప్పింది," అంది. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను. ఉప్పు బస్తా మళ్ళీ అక్కడే పెట్టింది. చీపురు కూడా అక్కడే, తలుపు వెనక ఉంచింది. అవసరం లేని చీపురు ఎందుకని నేను అడగలేదు. ఏడాది తిరిగేసరికి సిమెంటు పూతకి పైన, అంతకుముందు ఎప్పుడూ రాలని చోట, తెల్లటి చార వచ్చింది. అక్కయ్య దాన్ని చూడటం నేను రెండు మూడుసార్లు చూశాను. ఆమె ఏమీ అనలేదు.

పెచ్చు ఊడిన మర్నాడు ఒక కాంట్రాక్టరు వచ్చి, గుమ్మంలోంచే చూసి, వెనక భాగం మొత్తం పడగొట్టి పిల్లర్లు లేపుదామన్నాడు. నాకు అరవై ఆరు. వెనక భాగం పడగొట్టి కడుతుంటే ముందు గదిలో కూర్చుని చదువుకునే వయసు కాదు. గోడ పోతే ఇల్లు అమ్మి గుంటూరులో రెండు గదుల ఫ్లాటుకి పోవడమే. ఆ సంగతి అతనికి చెప్పలేదు కానీ ఆ సాయంత్రానికల్లా నాకు అర్థమైంది.

ఇంకో మాట కూడా ఉంది. ఈ గోడ పడితే పడగొట్టింది నేనేనా అన్నది తెలుసుకోవాలనిపించింది.

పాలు పోసే ఆమె ఒక ముసలి తాపీ మేస్త్రి గురించి చెప్పింది. ఆయన తండ్రి గానుగ సున్నంతో ఇళ్ళు కట్టినవాడట. మేస్త్రి తన భార్యతో కలిసి టీవీఎస్ మీద వచ్చాడు. ఇద్దరూ కలిసే పనిచేస్తారు. మాలు కలిపేదీ ఇటుకలు అందించేదీ ఆమె. ఆయన గోడ ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. రాలిన ఇటుక ముక్క ఒకటి తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. నేను వద్దనేలోపే అయిపోయింది.

"ఇది నేల చెమ్మ కాదు మేడమ్ గారూ. ఉప్పు. ఉప్పంటే మామూలు ఉప్పు కాదు, పచ్చట్లో ఏసే ఉప్పు. కారం ఒకటి తక్కువ, అంతే."

ఆయన భార్య నవ్వింది. "ఆయనకి గోడలు నాకటమే పనమ్మా. ఇంట్లో ఏం పెట్టినా చప్పగా ఉందంటాడు, ఇదిగో, ఇందుకు."

నేను అక్కయ్య ఉప్పు బస్తా సంగతి చెప్పాను. ఆయన తల ఊపాడు. తర్వాత కింద పడిన సిమెంటు పెచ్చు తిప్పి చూసి, "ఈ సిమెంటు ఎవరు పెట్టించారు?" అని అడిగాడు.

"నేనే."

"ఎందుకని?"

"రాలుతుందని."

పెచ్చు గోడకి ఆనించాడు. "రాల్తే మంచిదేనండీ. సున్నం గోడ చెమ్మ పీల్చిద్ది, మళ్ళీ బయటికి వదిలిద్ది. చెమ్మతో ఉప్పు కూడా బయటికొచ్చి రాలిపోద్ది. ఊడ్చేస్తే సరి. మీరేమో జాడీకి మూత పెట్టినట్టు పెట్టారు. ఇంక ఉప్పు ఎటు పోవాల? లోపలికి పోయింది, పైకి పోయింది."

"మీ అక్కగారు ఏమీ అన్లేదామ్మా?" అని ఆయన భార్య అడిగింది.

"అనలేదు."

"అంటే గొడవైద్దని ఊరుకుని ఉంటారు," అంది ఆమె. తప్పు పట్టినట్టు కాదు, మామూలుగానే.

నేను అడగవలసింది అడిగాను. గోడ ఉంటుందా, పోతుందా?

మేస్త్రి పైకి చూపించాడు. "ఆ దూలం కింద నాలుగు వరసలున్నాయి. అవి బాగుంటే కిందవి నేను మారుస్తా. మూడేసి ఇటుకలు తియ్యటం, పెట్టటం. గోడకి కూడా తెలవదు. ఆ నాలుగు వరసలకి ఉప్పు ఎక్కిందా, నావల్ల కాదు. దూలం దించాల, మిద్దె ఇప్పాల. అప్పుడు కాంట్రాక్టరే కరెక్టు."

"ఇప్పుడే చూడండి మరి."

"చూడనండీ. తీసిన చోట వెంటనే కట్టాల. సున్నం లేకుండా అక్కడ వేలు పెట్టను."

సున్నం నానడానికి మూడు వారాలు పట్టింది. దాచేపల్లి వైపు నుంచి కాల్చిన సున్నపురాయి నాలుగు బస్తాలు తెప్పించాడు. నేను వేయించిన సిమెంటు వచ్చిందీ ఆ వైపు నుంచే. రెండూ అదే రాయి. పెరట్లో ఇనప డ్రమ్ములో రాయి వేసి నీళ్ళు పోస్తే సాయంత్రం దాకా ఉడికింది. నేను బెల్లం, కరక్కాయ వేస్తారు కదా అని అడిగాను, చదివిందే. "ఫోన్లో కూడా అట్టానే చెప్తున్నారు," అన్నాడు మేస్త్రి. "మా నాయన ఏసేవాడు. నాకు తెలిసి గోడని నిలబెట్టింది బెల్లం కాదండీ. నానబెట్టిన రోజులు."

ఆ మూడు వారాల్లో ఆయన రెండు పనులు చేశాడు. మొదట దూలం కింద సరుగుడు కర్రలు నిలబెట్టి, జాకీతో బిగించాడు. తర్వాత సిమెంటు మొత్తం ఉలితో ఊడగొట్టి, ఉప్పుని బయటికి లాగడానికి గోడకి రేగడి మట్టి పట్టు వేశాడు. ఊరి చివర పత్తి చేలో నుంచి తెచ్చిన నల్లమట్టి, జల్లించి, ముద్దగా కలిపి అంగుళం మందాన మెత్తాడు. బోరు నీళ్ళు వద్దన్నాడు. అవే ఉప్పగా ఉంటాయి కాబట్టి, రోజు విడిచి రోజు వచ్చే సాగర్ కాలవ నీళ్ళు పట్టి ఇచ్చాను. మట్టి ఎండేకొద్దీ పగుళ్ళిచ్చి, అంచులు లేచి, తనంతట తనే ఊడింది. నల్లమట్టి మీద తెల్లటి పొర. ఇట్లా మూడుసార్లు. మూడోసారి ఊడిన మట్టి మీద తెలుపు తక్కువగా ఉంది.

ఆ రోజుల్లో నేను పొద్దున లేచాక మొదట ఆ గదికే వెళ్ళేదాన్ని. గోడ ముందు చేసేదేమీ లేదు. చూసి వచ్చేదాన్ని. పుస్తకం తెరిస్తే ఒకే పేజీ మీద ఉండిపోయేదాన్ని. అక్కయ్య పోయినప్పుడు వచ్చినవాళ్ళంతా ఆమె పచ్చళ్ళ గురించి మాట్లాడారు. ఊడవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా. ఇంటిని ఇన్నేళ్ళు నిలబెట్టిన పనుల్లో అదొకటని నాకు తట్టలేదు.

సున్నం వెన్నలా అయ్యాక మేస్త్రి ఇటుకలు తెచ్చాడు. కొత్త ఇటుక ఈ గోడకి కొలత కుదరదు. పొదిలి దగ్గర ఎవరో పొగాకుని వేడి మీద ఆరబెట్టే పాత బ్యారన్ పడగొడితే అక్కడి ఇటుకలు ఆటోలో వేయించుకొచ్చాడు. పల్చగా, బరువుగా, ఒక పక్క పొగచూరి ఉన్నాయి. ఒక్కో కుప్పలోంచి ఒకటి తీసి వాటిని కూడా నాలికతో చూశాడు.

"ఎట్టా ఉంది?" అని భార్య అడిగింది.

"చప్పగా."

"మరి ఇంకేం, అదృష్టవంతులు," అంది ఆమె నావైపు చూసి.

జాడీలన్నీ గదిలోంచి ముందు గదికి మార్చాం. మేస్త్రి భార్యే మోసింది. అన్నీ ఖాళీవి, ఒక్కటి తప్ప. అక్కయ్య పుష్యమాసంలో పట్టిన పండుమిరపకాయ పచ్చడి అది. పావు జాడీ కంటే తక్కువే ఉంది. బరువు తెలిసి ఆమె నావైపు చూసింది. "ఇది చివరిదా అమ్మా?" అంది. అవునన్నాను. రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్ళి గోడవార పెట్టింది.

దూలం కింద వరసలు తెరిచింది వైశాఖంలో ఒక బుధవారం, ఎండ ఎక్కకముందు. మేస్త్రి నిచ్చెన మీద ఉన్నాడు. నేను కింద స్టూలు మీద. ముందు తెల్లచార దగ్గరి నుంచి ఒక ఇటుక కదిపి తీశాడు. అంచు విరిచి నోట్లో వేసుకుని, మిగతా ముక్క నాకు అందించాడు. "మీరూ చూడండి మేడమ్ గారూ. ఇల్లు మీది."

నాలిక చివర పెట్టుకున్నాను. ఉప్పు. ఏ అనుమానమూ లేదు. అక్కయ్య దంచిన ఉప్పు, నేను పూత వేయించాక పైకెక్కిన ఉప్పు. ముక్క అట్లాగే నోటి దగ్గర పట్టుకుని ఉండిపోయాను.

"ఉమ్మేయండమ్మా, మింగుతారేంది," అంది మేస్త్రి భార్య.

ఆయన ఇంకో వరస పైకి వెళ్ళాడు. తీసి, రుచి చూసి, నాకిచ్చాడు. ఉప్పే, కొంచెం తక్కువ. ఆ తర్వాత తీయాల్సింది దూలం కింది నాలుగు వరసల్లో అన్నిటికంటే అడుగుది. ఉలిని సుత్తితో కొట్టలేదు. అరచేత్తో నెట్టాడు. పాత సున్నం గట్టిగా ఉండి ఆ ఇటుక రావడానికి చాలాసేపు పట్టింది. రావడం కష్టమైతే మంచిదని అప్పటికి నాకు తెలిసింది. దాని అంచు నోట్లో వేసుకుని నములుతూ గోడ వైపే చూస్తున్నాడు.

"మట్టి," అన్నాడు.

నాకు ఇచ్చాడు. మట్టి. ఇంకేమీ లేదు. ఇంకో రెండు చోట్ల కూడా తీసి చూశాం. మట్టే.

"ఈ వరస కిందదాకా ఎక్కింది. ఇంకో రెండేళ్ళు ఆగితే ఇది కూడా పోయేది," అన్నాడు మేస్త్రి నిచ్చెన దిగుతూ. "పెచ్చు ఊడబట్టి బతికింది."

ఆ రోజు మధ్యాహ్నం వాళ్ళు పెరటి గుమ్మం దగ్గర క్యారియర్ విప్పుకున్నారు. అన్నం, గోంగూర పప్పు. నేను ఆ జాడీ తీసి చిన్న గిన్నెలోకి పచ్చడి పెట్టి, నూనె పోసి తీసుకెళ్ళాను. మాఘమాసం నుంచి నేను దాన్ని వారానికోసారి, రవ్వంత మాత్రమే వేసుకుంటున్నాను. గరిటె జాడీ అడుగుకి తగిలింది. అయినా గిన్నె నింపాను.

మేస్త్రి భార్య మొదటి ముద్ద తిని ఆగింది. "ఏం పట్టారమ్మా. ఉప్పు కూడా అచ్చు సరిపోయింది."

"సరిపోక?" అన్నాడు మేస్త్రి ముద్ద కలుపుతూ. "ఎక్కువైందంతా గోడకేశారుగా."

ఆమె ఆయన మోకాలి మీద కొట్టింది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. మాఘమాసం తర్వాత అదే మొదటిసారి. ఆ తర్వాత నేనూ కంచం తెచ్చుకుని వాళ్ళ పక్కన గడప మీద కూర్చున్నాను. గిన్నెలో మిగిలింది ముగ్గురం తినేశాం.

గోడ కట్టడానికి పదహారు రోజులు పట్టింది. మూడు ఇటుకలు తియ్యడం, ఆ బొక్క తడపడం, తొట్టిలో నానిన ఇటుకలు పెట్టడం, సున్నమూ ఇసకా ఇటుకపొడీ కలిపిన మాలు సందుల్లోకి కూరడం. ఆరడానికి వదిలేసి, గోడకి ఇంకో చివర ఇంకో మూడు. ఆయన తొందరపడటం నేను చూడలేదు. రోజూ సాయంత్రం దారానికి గుండు కట్టి వేలాడదీసి, గోడ వంగలేదని చూసుకుని వెళ్ళేవాడు. మధ్యలో బంధువుల నుంచి ఫోన్లు వచ్చాయి. మామిడికాయలు వచ్చాయి కదా, ఈసారి ఆవకాయ సంగతేమిటని మొహమాటంగా అడిగారు. గోడ పని జరుగుతోందని చెప్పాను. నిజానికి నాకు పట్టడం రాదు. ఆమె నేర్పుతానన్నప్పుడల్లా నా చేతిలో పుస్తకం ఉంది.

చివర్లో సున్నం పూత పూసి, కర్రలు తీసేశాడు. జాకీ వదులుచేస్తున్నప్పుడు మేమిద్దరం ఆడవాళ్ళం వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాం. ఏమీ కాలేదు. దూలం గోడ మీద కూర్చుంది.

వెళ్ళేముందు మేస్త్రి చెప్పాడు. "లోపల ఇంకా కొంచెం ఉండిద్ది మేడమ్ గారూ. వానలు పడ్డాక బయటికొచ్చిద్ది. రాలిద్ది. రాలనీండి. ఊడవండి, అంతే. రాలటం ఆగి, గోడ నున్నగా మెరుస్తుంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యండి."

"ఉప్పు?"

"ఉప్పు మాత్రం ఈ గదిలో వద్దు. గిన్నెడు కూడా. ఈ గోడకి జన్మకి సరిపడా పెట్టేశారు."

వానలు ఆషాఢంలో పడ్డాయి. శ్రావణంలో ఒక పొద్దున గోడ మొదట్లో సన్నటి తెల్లపొడి కనిపించింది. తలుపు వెనకున్న పొట్టి చీపురు తీశాను. దాని పిడి ఒక పక్కకి అరిగి ఉంది. ఆమెది ఎడమచేతి వాటం, నాది కుడిచెయ్యి, కాబట్టి ఊడ్చేటప్పుడు అది చేతిలో తిన్నగా కుదరదు. కొత్తది కొనలేదు. చేటలో ఎత్తితే గుప్పెడు కూడా లేదు. పెరటి గోడ బయట పారబోసి వచ్చాను. అప్పటినుంచి రోజూ ఊడుస్తున్నాను.

జాడీలు కడిగి, ఆరబెట్టి, అటక మీద బోర్లించాను. మోపెడ్ అతను ఉప్పు బస్తాతో వస్తే, ఇక తేవద్దని చెప్పి పంపాను. ఆ గదిలో ఇప్పుడు పచ్చళ్ళు పట్టడం లేదు.